కంచం ముందు తీసిన కొలత

గడువుకి పన్నెండు రోజులు

తెల్లదీపాలు వెలగగానే గోడల చెమట తుడిచాను. గాలి జల్లెడ విప్పి ఉప్పు దులిపాను. టీ నీళ్ళు పెట్టుకునేలోగా ఆఫీసు నుంచి కబురు. కొత్త పరిశోధన పత్రం వచ్చిందట, అత్యవసరమట, వెంటనే రావాలట. అడుగూరులో అత్యవసరం కానిది ఏదైనా ఒక్కటి చూసి పోవాలని నా కోరిక. నెత్తిమీద ముప్పావు మైలు సముద్రాన్ని పెట్టుకుని బతికేవాళ్ళకి తుమ్మొచ్చినా అత్యవసరమే.

నేను నిగ్గు ఆఫీసులో చదువరిని. మందో చికిత్సో పనిచేస్తోందని ఎవరైనా పత్రం రాస్తే, ఆ సంగతి వాళ్ళు ఎలా కనుక్కున్నారో చూసి నిగ్గు తేల్చడం మా పని. నా చిన్నప్పుడు ఒక పత్రాన్ని ఎవరూ సరిగ్గా చదవకుండానే నమ్మి, నిద్ర పట్టనివాళ్ళందరికీ నీలిమాత్రలు పంచారు. నలభై ఒక్కమంది మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత పుట్టింది మా ఆఫీసు. మేం ముద్ర వేయనిదే సభ ఏ చికిత్సకీ ఒప్పుకోదు.

మా పెద్ద దాలినాయుడుగారు పత్రం నా చేతిలో పెట్టారు. "పన్నెండో రోజుకి సభ కూకుంటాది వరహాలమ్మా. ఈలోగా తేల్చీయాల. మిగతా ఇద్దరు చదువరులకీ ఇచ్చినాను, ఆళ్ళతో మాట్లాడకు," అన్నారు. ముగ్గురం విడివిడిగా చదవడం మా పద్ధతి. ఆయన అది ప్రతిసారీ చెబుతారు, నేను ప్రతిసారీ తల ఊపుతాను.

పత్రం రాసింది వైద్యశాల డాక్టరు చక్రపాణి. భుజానికి అంటించుకునే పట్టీ ఒకటి తయారుచేశాడు. అది మనసులోని భారాన్ని తగ్గిస్తుందట. మనసు బాగాలేని రెండువందల నలభై మందిని తీసుకున్నాడు. చీటీలు వేసి సగంమందికి పట్టీ వేశాడు, సగంమందిని, బాధలు చెప్పుకోవడానికి సన్యాసమ్మ నడిపే మాటల గదికి పంపాడు. మూడు నెలలు అలా నడిచింది. ముందూ వెనకా పంతొమ్మిది ప్రశ్నల పట్టిక నింపించాడు. నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా, బతకాలనిపిస్తోందా, ఇలాంటివి. మార్కులు ఎంత ఎక్కువైతే మనసు మీద భారం అంత ఎక్కువ. మొదట్లో రెండు గుంపులకీ సగటు ముప్పై ఒకటి. చివరికి మాటల గది గుంపుకి పదిహేడు, పట్టీ గుంపుకి ఆరు.

ఆరు! చదివి ఈల వేశాను, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. 'నమ్మదగినది' అని మేం ముద్ర వేస్తే సభ మాటల గదిని మూసేస్తుంది. ఆ గదిలో పట్టీల తయారీ మొదలవుతుంది. సన్యాసమ్మని నాచు తోటల పనికి వేస్తారు. అడుగూరులో కుమిలిపోయే ప్రతి మనిషికీ అప్పట్నుంచి పట్టీయే గతి.

గడువుకి పదకొండు రోజులు

మెస్సులో రత్నం నా ఎదురుగా కూర్చుంది. నూకరత్నం నా చెల్లెలు, పంపుల లైనులో వాల్వులు చూస్తుంది. దాని షిఫ్టు వేరు, నాది వేరు. అదుండేది పంపుల వాళ్ళ క్వార్టర్లలో. మేం కలిసేది ఈ మెస్సులోనే.

దాని మొగుడు గురుమూర్తి పద్నాలుగు నెలల కిందట చక్రం తిప్పితే సముద్రంలోకి తెరుచుకునే మూడో నీటితలుపు దగ్గర పనిచేస్తూ పోయాడు. అప్పుడు ఈ పిల్ల మంచం దిగలేదు, మాట్లాడలేదు. నేనే వెళ్ళి మాటల గదికి దాని పేరు రాయించాను. నూట పన్నెండో నంబరు ఇచ్చారు. ఆ గదిలో మాట్లాడే మనిషి సన్యాసమ్మ ఒక్కతే మరి. చక్రపాణి పంపినవాళ్ళు మధ్యలో దూరగా ఆ నంబరు జరుగుతూ జరుగుతూ ఇప్పటికి అరవై మూడయింది. ఈలోగా పిల్ల తనంతట తానే తేరుకుంది. చక్కగా తలదువ్వుకుని వస్తుంది, పెట్టింది తింటుంది.

"ఎలగున్నావే?" అన్నాను.

"నిండుగున్నానప్పా," అంది నవ్వుతూ, రొయ్యపొడి కలుపుకుంటూ.

చక్రపాణి పత్రం తలలో తిరుగుతోంది కదా, నాలోని చదువరి ఊరుకోలేదు. "అయితే ఆ నంబరు ఇంకెవులికైనా ఇచ్చీయకూడదేటి? నీకన్నా బాధలో ఉన్నోలు శానామంది ఉన్నారు," అన్నాను.

రత్నం ఒక ముద్ద నమిలి మింగింది. "అలగే అప్పా," అంది.

వచ్చేదారిలో నేనే మాటల గది దగ్గర ఆగి దాని పేరు కొట్టించేశాను. ఒక మంచిపని చేశానన్న తృప్తితో ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

గడువుకి తొమ్మిది రోజులు

మా పరీక్షలో ఇరవై ఏడు ప్రశ్నలుంటాయి. మనుషుల్ని ఎలా ఎంచారు? ఎవరికి ఏ చికిత్స అన్నది ఎవరు తేల్చారు? మధ్యలో మానేసినవాళ్ళు ఏమయ్యారు? ముందు ఒకటి కొలుస్తామని చెప్పి తర్వాత ఇంకోటి కొలిచారా? ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. చీటీలు వేసింది అందరి ఎదుట. మానేసినవాళ్ళు రెండు గుంపుల్లోనూ పదిమంది లోపే, వాళ్ళనీ లెక్కలో ఉంచాడు. లెక్కలు నేను మళ్ళీ వేస్తే అవే వచ్చాయి. "చివరి కొలత పట్టీ గుంపుకి పట్టీ మార్పిడి స్థలంలోను, రెండవ గుంపుకి మాటల గదిలోను తీసుకోబడినది" అన్న వాక్యాన్ని మూడుసార్లు చదివి సరే అని గీత పెట్టాను.

ఇరవై ఏడుకి ఇరవై ఏడు. నా ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

మరి సంతోషించొచ్చు కదా. లేదు. ముద్ర పెట్టె తీస్తాను, మూస్తాను. లేచి నడవాలో అటు చివరిదాకా వెళ్తాను, కాలుగాలిన పిల్లిలా తిరిగొస్తాను. దాలినాయుడుగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "కుర్చీలో ముల్లేటైనా ఉందేటమ్మా?" అన్నారు. ఏం చెప్పను? తప్పేమీ దొరక్కపోవడమే నా బాధ అని చెబితే ఇంటికి పంపేస్తారు.

గడువుకి ఎనిమిది రోజులు

పత్రంలో ఓడిపోయిన పక్షం ఎలా ఉందో చూద్దామని మాటల గదికి వెళ్ళాను. ఇరుకు గది. రెండు కుర్చీలు, ఒక చెంబు, తువ్వాళ్ళ దొంతర. బయట బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు తమ వంతు కోసం కూర్చున్నారు.

సన్యాసమ్మకి అరవై దాటాయి. ముక్కుసూటి మనిషి. "నా గది మూసీడానికొచ్చినావా, సూడ్డానికొచ్చినావా?" అంది.

"సూడ్డానికే. పట్టీ గుంపుకి ఆరొచ్చిందమ్మా, నీ గుంపుకి పదిహేడు."

"రాదేటి మరి? నా కాడికొచ్చి కడుపారా ఏడుస్తారు. ఏడుపుకి మీ కాగితంలో మార్కులెక్కువ గదా. ఆళ్ళు తడికళ్ళతో ఉండగానే కాగితం ఇచ్చి నింపమన్నారు. మరెన్నొస్తాయి?"

ఉద్యోగం పోతుందని దుగ్ధ కొద్దీ అంటోందనుకున్నాను. చెప్పేవాళ్ళకి ఏ లాభముందో చూడమని మా ఆఫీసులో నేర్పుతారు. చూశాను, పక్కన పెట్టాను. కానీ ఇంటిదాకా ఆ మాట నన్ను వదల్లేదు, చెప్పులో ఇసకలా.

గడువుకి ఆరు రోజులు

రోగులు నింపిన ముడి కాగితాలు తెప్పించాను. ఎవరి పేరూ ఉండదు, అంకెలు మాత్రమే. రెండువందల నలభై మందివీ నేల మీద పరిచి, వాటి మధ్య గొంతుకూర్చుని పొద్దంతా చూశాను. మోకాళ్ళు పట్టేశాయి.

పట్టీ గుంపు చివరి కాగితాల్లో వరసగా సున్నాలు. 'ఈ వారం ఏడుపొచ్చిందా' అన్నదానికి నూట ఇరవైమందిలో నూట పద్దెనిమిది మంది సున్నా పెట్టారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, అడుగూరులో ప్రతి ఏడాదీ అందరికీ ఇదే పట్టికతో ఆరోగ్య పరీక్ష చేస్తారు. ఆ దస్త్రం తీసి చూశాను. ఏ జబ్బూ లేని మామూలు జనం సగటు పద్నాలుగు. నాకు పోయినేడు పదకొండు వచ్చాయి, నాకేం రోగం? కుళాయి పాడైనా నాకు నిద్ర పట్టదు, అంతే.

అంటే ఏమిటి? మనసు విరిగి వైద్యశాలకి వచ్చినవాళ్ళు మూడు నెలల్లో, ఏమీ కాని మాకంటే సుఖంగా ఉన్నారన్నమాట. పట్టీ మందా, అమృతమా?  ఇందులో అబద్ధమాడిన మనిషి ఎవరూ కనిపించడం లేదు, కానీ ఈ అంకె నిజం కాదు.

గడువుకి ఐదు రోజులు

పొద్దున్నే వైద్యశాలకి పరుగెత్తాను. చక్రపాణి ఫలహారం కూడా ముట్టలేదు, చుట్టూ పది మంది రోగులు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు.

"చివరి కొలత ఎక్కడ తీసుకున్నారండీ?"

"రాసినాను గదమ్మా. పట్టీ మార్చే చోట."

"అదెక్కడ?"

"మెస్సులో. పట్టీ తిండితోపాటే మార్చాల, ఖాళీ కడుపుతో అయితే తల తిరుగుద్ది. అందుకని వడ్డించే బల్ల పక్కనే నర్సుని కూకోబెట్టినాం. అక్కడైతే అందరూ దొరుకుతారు, ఒక్కలూ తప్పిపోరు. పట్టిక కూడా అక్కడే నింపించీసినాం."

"ముందు కొలత?"

"అది వైద్యశాలలోనే, అందరికీ."

"అంటే చివరిది కంచాలు ఎదురుగా పెట్టుకుని నింపారా?"

"మరి..." అన్నాడు. అని ఆగిపోయాడు. 

మా ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. అడుగూరులో పుట్టిన ఏ మనిషీ కంచం ముందు కష్టం చెప్పడు. కరువు ఏడాది, పైనుంచి సరుకుల ఓడ రెండు నెలలు రానప్పుడు, మెస్సులో ఎవరో ఒకామె పళ్ళెం చూసి బావురుమంది. ఆమెను చూసి పదిమంది, వాళ్ళను చూసి వందమంది. ఆ తొక్కిసలాటలో ముగ్గురు పోయారు. అప్పట్నుంచీ మాకిది కట్టుబాటు. కంచం ముందు ఎవరు ఎలా ఉన్నావని అడిగినా 'నిండుగున్నాం' అనాలి. నడక కంటే ముందు అదే నేర్పుతారు. అది అబద్ధమని మాకు అనిపించదు, అసలు ఏమీ అనిపించదు.

"మాయమ్మ కంచం కాడ ఏడిస్తే అరచేతి మీద కొట్టేది," అన్నాడు చక్రపాణి నెమ్మదిగా. "నాకెలగ తట్టనేదు?"

నాకు మాత్రం తట్టిందా? ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి గీత పెట్టినదాన్ని. మిగతా ఇద్దరు చదువరులూ గీత పెట్టే ఉంటారు, ముగ్గురం ఇక్కడ పుట్టినవాళ్ళమే. పైనుంచి వచ్చిన మనిషి ఎవరైనా అయితే ఒక్క పూట మెస్సులో తిని పసిగట్టేవాడు.

నాకు కోపం వచ్చింది, ఇంత చదువుకున్నవాడు ఇలా చేస్తాడా అని. ఆ కోపం వైద్యశాల గుమ్మం దాటేలోగా పోయింది. వెనకనుంచి ఆయన అన్నమాట అలాంటిది. "నూట ముప్పైమంది వరసలో ఉన్నారమ్మా. ఒక్క సన్యాసమ్మ ఎంతమందిని సూస్తాది? ఆళ్ళ సేతిలో ఏదో ఒకటి పెడదామనుకున్నాను."

గడువుకి నాలుగు రోజులు

దాలినాయుడుగారు నేను చెప్పిందంతా విన్నారు. చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "నువ్వన్నది నిజమేననిపిస్తంది. అనిపిస్తే సాలదు గదా," అన్నారు. మరుకొలత వేయించారు. రెండు గుంపుల నుంచీ చీటీలు తీసి ఇరవయ్యేసి మందిని ఎంచారు. జల్లెళ్ళు దాచే కొట్లో, ఒక్కొక్కరినే, కంచం గానీ చెంబు గానీ కనపడని చోట కూర్చోబెట్టి అదే పట్టిక నింపించాలి. ఎవరు ఏ గుంపో అడిగేవాళ్ళకి తెలియకూడదు. అడిగేవాళ్ళలో నేను ఉండకూడదు, ఎందుకంటే ఏ జవాబు రావాలని నేను కోరుకుంటున్నానో ఆఫీసంతా తెలుసు.

కాబట్టి ఇక నాకు పనేం లేదు. ఇంట్లో గాలి జల్లెడ రెండుసార్లు కడిగాను. గోడలు పొడిగా ఉన్నా తుడిచాను. నేను తప్పైతే? పట్టీ నిజంగా పనిచేస్తూ ఉంటే, నూట ముప్పైమందికి దాన్ని నేను దూరం చేస్తున్నట్టే కదా. నేను ఒప్పైతే వాళ్ళందరూ భుజాన పట్టీ వేసుకుని, లోపల కుళ్ళిపోతూ, నిండుగున్నామని నవ్వుతున్నట్టు. ఏది నిజమైనా నాకు నిద్ర రాదు.

గడువుకి ఒక రోజు

మరుకొలత వచ్చింది. మాటల గది గుంపు పద్దెనిమిది, దాదాపు మునుపటిలాగే. పట్టీ గుంపు ఇరవై ఆరు.

చక్రపాణి తానే ఆఫీసుకి వచ్చాడు. పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు స్వహస్తంతో రాసిన కాగితం మా ముందు పెట్టాడు. కింద ఇంకో వాక్యం కూడా రాశాడు, మాటల గదికి మరో ఇద్దరు మనుషుల్ని తయారుచేయాలని, అందులో తానొకడినని. ఆయన ముఖం చూడలేకపోయాను. అయినా లోపల ఎక్కడో గర్వంగానే ఉంది. అబద్ధమెందుకు, చాలా గర్వంగా ఉంది. పక్క బల్లవాళ్ళు వీపు తట్టారు. దాలినాయుడుగారు తన డబ్బాలోంచి, పైనుంచి వచ్చిన అసలు టీ పొడి తీసి నాకోసం కాచి ఇచ్చారు. అది ఆయన ఏడాదికి ఒక్కరికి కూడా ఇవ్వరు.

"నువ్వు సూడకపోతే నీలిమాత్రల ఏడు మళ్ళీ వొచ్చేదమ్మా," అన్నారు. గ్లాసు అందిస్తూ మామూలుగా అడిగారు. "నీ సెల్లి ఎలగుందిప్పుడు? గురుమూర్తి పోయినప్పుడు పాపం శానా దిగులు పడిపోయింది."

"ఇప్పుడు బాగుందండీ. రోజూ మెస్సులో సూస్తన్నాను గదా, అడిగితే నిండుగు..."

నోరు అక్కడే ఆగిపోయింది. 

గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. మూడు నడవాలూ పరుగెత్తాను. రెండువందల నలభై మంది కాగితాల్లో చూడగలిగాను, నా ఎదురుగా కూర్చుని అన్నం తినే చెల్లెలి ముఖంలో చూడలేకపోయాను. చూడకపోగా, దాని నంబరు నా చేత్తో కొట్టించేశాను. దారిలో ఎవరో పలకరించారు, ఏం జవాబు చెప్పానో గుర్తులేదు.

పంపుల హోరులో రత్నం ఒక వాల్వు దగ్గర వంగి ఉంది. నన్ను చూసి బెదిరిపోయింది.

"ఏటప్పా, పనేళ ఇలగొచ్చీసినావు? ఎవులికేటయింది?"

"ఎవులికీ ఏటీ అవనేదే. నువ్వెలగున్నావు?"

దాని నోరు అలవాటుగా తెరుచుకుంది. 'నిం' అనబోయింది. చుట్టూ చూసింది. ఇనుప గొట్టాలు, నూనె గుడ్డలు, నేను. ఇంకేమీ లేవు. నోరు మూసుకుంది. వాల్వు చక్రాన్ని ఊరికే ముందుకీ వెనక్కీ తిప్పుతూ నిలబడింది.  నా జన్మలో అంతసేపు నోరుమూసుకుని నిలబడలేదు.

"పనయ్యాక మూడో తలుపు కాడికి ఎల్తన్నానప్పా," అంది చివరికి. "రోజూ. చక్రం మీద సెయ్యేసి నిలబడతాను. తిప్పీయాలనిపిస్తాది. తిప్పనేదులే."

"ఎన్నాళ్ళనుంచే?"

"మొదట్నుంచీ."

"నాకెందుకు సెప్పనేదే అమ్మా?"

రత్నం నావైపు చూసింది. ఆ చూపులో నామీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఎక్కడ సెప్పనప్పా? నువ్వడిగిందల్లా కంచం కాడే గదా."

దాని చెయ్యి పట్టుకున్నాను. నూనెతో జారుతోంది, రెండు చేతులతో పట్టుకున్నాను. లైను పెద్దని పిలిచి వాల్వులు అప్పగించాను, ఎందుకని అతను అడగలేదు. చేయి వదలకుండానే మాటల గది దాకా నడిపించుకొచ్చాను. "నంబరు నేదమ్మా, నేనే కొట్టించీసినాను," అని సన్యాసమ్మతో చెప్పాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. రత్నాన్ని ఒక్కసారి చూసింది. లోపలున్న మనిషిని బయటికి పంపింది. బల్ల మీద వంతు కోసం కూర్చున్న ఇద్దరూ మాట లేకుండా జరిగి నాకు చోటిచ్చారు.

తలుపు మూసుకుంది. నేనిక్కడ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అవతల ఆఫీసులో చక్రపాణి కాగితం నా ముద్ర కోసం ఎదురుచూస్తోంది, దాలినాయుడుగారు మనిషిని పంపారు, తర్వాత వస్తానని చెప్పాను. లోపల్నుంచి రత్నం ఏడుపు వినిపిస్తోంది. గట్టిగా, పసిపిల్లలా ఏడుస్తోంది. ఈ పద్నాలుగు నెలల్లో నా చెల్లెలి ఏడుపు నేను వినడం ఇదే మొదలు.